కూర్చోకూడని పిల్ల

తర్షిణి తాగిన నీళ్ళు ముక్కులోంచి కారిపోయినప్పుడు నాకు మొదటిసారి భయం వేసింది. అంతవరకూ అందరూ గవదబిళ్ళలనే అనుకుంటున్నారు. ఆరేళ్ళ పిల్ల. మెడ రెండు పక్కలా ఉబ్బి, గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని ఉంది. మెళ్ళో సన్నని బంగారు గొలుసు.

ఇది తొంభై అయిదులో, మద్రాసు ఇంకా మద్రాసుగా ఉన్నప్పటి సంగతి. శ్రీలంక నుంచి పడవల్లో వచ్చిన తమిళ కుటుంబాలకు సాయం చేసే ఒక సంస్థలో నేను ఫీల్డ్ వర్కర్‌ని. సోషల్ వర్క్‌లో ఎం.ఎ. చదివి, ఇద్దరు పిల్లలు పుట్టాక చేరిన ఉద్యోగం. మా ఇల్లు పెరంబూరు రైల్వే క్వార్టర్స్‌లో. నాకు అప్పగించిన క్యాంపు ఎన్నూరు దాటాక, లారీల రోడ్డు పక్కన ఒక పాత గోదాము. తడికలు కట్టి గదులు చేసి, ఒక్కో గదికి ఒక్కో కుటుంబాన్ని పెట్టారు. క్యాంపు రెవెన్యూ శాఖ అధీనంలో ఉండేది. గేటు దాటాలంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు చీటీ రాసివ్వాలి. తనిఖీ రోజున పేరు పిలిచినప్పుడు పలకకపోతే ఆ పేరు కొట్టేస్తారు. ఆ చీటీలకూ బడికీ ఆసుపత్రికీ మధ్య తిరగడమే నా పని. ఇప్పుడు ఆ ఉద్యోగంలో లేను. నువ్వు ఆడ ఏం చేసేదానివని అడిగేవాళ్ళకు ఈ ఒక్కటి చెబితే చాలనిపించి, పిల్లలు పడుకున్నాక రాస్తున్నాను.

గవదబిళ్ళలకు మెళ్ళో బంగారం వెయ్యడం మాలోనూ ఉంది. ఆ ఎండాకాలంలోనే మా అమ్మాయికి నేనూ వేశాను. తర్షిణి తల్లి మంగళేశ్వరి తన బంగారమంతా పడవ ఎక్కకముందే అమ్మేసింది. క్యాంపులో దాదాపు అందరూ అంతే. ఆమె తడిక తడికకూ పోయి అడిగి, చివరికి పక్క గదిలోని ముసలామె దగ్గర ఈ గొలుసు సంపాదించింది. వెతకడంలో కొన్ని రోజులు, వేశాక గుణం కోసం కాచుకోవడంలో మరికొన్ని రోజులు పోయాయి. పిల్లను ఎవరూ పట్టించుకోకుండా లేరు. వాళ్ళకు తెలిసిన వైద్యం జరుగుతూనే ఉంది.

"గొలుసు వేసినాక కొంచెం తగ్గినట్టే ఉందక్కా," అంది మంగళేశ్వరి. వాళ్ళతో మాటలన్నీ తమిళంలోనే.

"తగ్గకుండా ఏం చేస్తుంది? పడవ బరువెక్కింది, అన్నీ సముద్రంలో పారెయ్యమన్నప్పుడు మొగుణ్ణయినా తోసేద్దును గాని దాన్ని వదల్లేదు," అని తడిక అవతలి నుంచి ముసలామె అంది. అందరం నవ్వాం. అప్పుడే పిల్ల నీళ్ళడిగింది.

మా అమ్మాయికి వాపు చెవి కింద, దవడ మీద వచ్చింది. ఈ పిల్లకు గడ్డం కింద మొదలై మెడంతా ఉంది. నోరు తెరిపించి చూశాను. గొంతు వెనక బూడిదరంగు పొర, కుళ్ళిన వాసన. డిఫ్తీరియా. మన పెద్దవాళ్ళు కంఠసర్పి అనేవారు. పసిపిల్లలకు వేసే మూడు టీకాలతో రాకుండా ఆగే జబ్బు. యుద్ధంలో ఊళ్ళు మారుతూ తిరిగిన ఈ పిల్లకు ఒక్కటీ పడలేదు.

ఇన్‌స్పెక్టరు వెంటనే చీటీ రాశాడు, కానీ తల్లికీ బిడ్డకీ మాత్రమే. "తండ్రికి ఇప్పుడు రాయలేను మేడం, తనిఖీ ఉంది," అన్నాడు. చంటి తమ్ముడితో తండ్రి గేటు దగ్గరే ఆగిపోయాడు.

ఉత్తర మద్రాసులోని అంటురోగాల ఆసుపత్రిలో పిల్లను చేర్చుకున్నారు. విరుగుడు సీరం ముందు చర్మం కింద ఒక చుక్క వేసి, ఒంటికి పడుతుందని చూశాక ఎక్కించారు. తర్వాత డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. సీరం రక్తంలో తిరిగే విషాన్నే పట్టుకుంటుందట, గుండెకు అప్పటికే అంటుకున్నదాన్ని ఊడదీయలేదట. పొర రాలిపోయి పిల్ల హుషారుగా కనిపించే రోజుల్లోనే గుండె ఆగిపోవచ్చు. అందుకని వారాల తరబడి వెల్లకిలా పడుకునే ఉండాలి. తినడానికి కూడా లేవకూడదు. డాక్టరు మాటను కుటుంబానికి అర్థమయ్యేలా చేర్చడం నా విధి. మంగళేశ్వరికి ఏదీ దాచకుండా చెప్పాను.

"పరిగెత్తకూడదు, అంతేగా అక్కా?"

"కూర్చోకూడదు."

వార్డులోకి తల్లికి తప్ప ఎవరికీ ప్రవేశం లేదు. నేను రోజూ కిటికీ బయట నిలబడేదాన్ని. రోగిని తాకిన అందరి గొంతుల్లోంచీ దూది పుల్లతో నమూనా తీసి పరీక్షకు పంపడం పద్ధతి. చంటివాడి గొంతులో క్రిములు కనిపించాయి. మందు పడింది, వాడికి జబ్బు రాలేదు. నా పరీక్షలో ఏమీ లేదు. అయినా ఇంటి వెనక కుళాయి కింద స్నానం చేశాకే లోపలికి వెళ్ళేదాన్ని.

"ఆడ దాని గొంతులో తొంగి చూసేసి, ఈడొచ్చి నా మనవడికి అన్నం కలుపుతావా? ఎంత చదువు చదివితే ఏం, పో," అనేది మా అత్తగారు. ఆమె తిట్టే మాటలే నా తలలోనూ తిరుగుతుండేవి. పిల్లలు మాత్రం రోజూ ఒకటే అడిగేవారు, ఆ పాప లేచి కూర్చుందా అని.

పొర రాలింది. వాపు తగ్గింది. తర్షిణి ముక్కుతో గొణుగుతూ తల్లితో బేరాలు పెట్టేది.

"తల మాత్రం ఎత్తుతానమ్మా."

"వద్దు."

"కళ్ళు తిప్పనా?"

"తిప్పుకో. దానికి ఎవరి చీటీ అక్కర్లేదు."

ఒకరోజు పిల్ల కడుపునొప్పి అని వాంతి చేసుకుంది. నాడి మందగించింది. డాక్టరమ్మ పిల్ల చెయ్యి వదిలి, కిటికీ బయటున్న నా వైపు చూసి తల అడ్డంగా ఊపింది. తండ్రి చీటీ కోసం ఎన్నూరు పరుగెత్తాను. ఈసారి ఇన్‌స్పెక్టరు అడ్డు చెప్పలేదు, సాయంత్రం దాకా రాసిచ్చాడు. మేము వార్డు దగ్గరికి వచ్చేసరికి, తల్లి తడిగుడ్డతో మొహం తుడుస్తుండగానే పిల్ల పోయింది.

మంగళేశ్వరి కిటికీ ఊచలు పట్టుకుని మొగుడితో కాకుండా నాతో అంది, "కూర్చోబెట్టలేదక్కా. ఒక్కసారి కూడా కూర్చోబెట్టలేదు."

అంటువ్యాధి కనుక శవాన్ని క్యాంపుకు పంపరు. దగ్గరలోని శ్మశానంలోనే ముగించాలి. చీటీ గడువు పొడిగించడానికి మళ్ళీ వెళ్ళొచ్చాను. అంతా అయ్యాక మంగళేశ్వరి నా మీద వాలిపోయి చాలాసేపు అలాగే ఉంది. ఇక అంటుకునే ప్రమాదం లేదని డాక్టరమ్మ చెప్పింది. నేను నమ్మలేకపోయాను. ఆమెను తోసెయ్యలేదు, కానీ ఆ సేపంతా మా పిల్లల గొంతుల గురించే ఆలోచించాను.

తర్వాత క్యాంపులో ఏ పిల్లకు మెడ వాచిందన్నా, నేను ముందు నోరు తెరిపించి చూసేదాన్ని. తల్లి చెయ్యవలసినదంతా తప్పు లేకుండా చేసినా బిడ్డ దక్కకపోవచ్చని ముందే చెప్పడం కూడా ఫీల్డ్ వర్కర్ పనే. నేను చెప్పాను. దానివల్ల మంగళేశ్వరికి ఏమైనా మేలు జరిగిందని ఇప్పటికీ అనుకోను.

తర్షిణి పోయిన మర్నాడు పొద్దున నేను మా వంటింటి గుమ్మం అవతలే నిలబడ్డాను. ఆ పాప ఈపొద్దన్నా కూచుంటుందా అని మా అమ్మాయి అడిగింది.

"లేదు. నిన్న చచ్చిపోయింది. వాళ్ళమ్మ తప్పేం లేదు. ఈపొద్దు మీ ఇద్దరికీ టీకా సూది వేయిస్తాను. ఈ వారమంతా నా దగ్గరికి రావొద్దు. నేను పిలిచినా రావొద్దు," అన్నాను.