క్లాసు నిశ్శబ్దమయ్యేదాకా

ఎనభైల నడుమ, ఉప్పల్‌లోని ఒక సర్కారు బడిలో లెక్కలు చెప్పే నన్ను జనం లోక్‌సభకు పంపించారు. పంతొమ్మిదేళ్ల సర్వీసుకు రాజీనామా ఇచ్చి వెళ్లాను. ఢిల్లీలో మూడు గదుల క్వార్టరు ఇచ్చారు. పిల్లల చదువుల కోసం ఇంటివాళ్లు నాచారంలోనే ఉండిపోయారు. నేను ఒక గదిలో పడుకుని, మిగతా రెండూ దేశానికి వదిలేశాను.

ఊరికి వచ్చినా పెద్ద తేడా లేదు. స్టాఫ్‌రూమ్‌లో అడుగుపెడితే, నిన్నటిదాకా నా టిఫిన్ డబ్బాలో చెయ్యి పెట్టినవాళ్లు లేచి నిలబడేవారు. నిలబడ్డవాళ్లతో కబుర్లు సాగవు. అటెండరు యాదమ్మ ఒక్కతే మారలేదు.

"సారూ, మీరు ఢిల్లీల ఏం జేస్తున్నరో నాకెర్క లేదు. మా సెల్లె కాలు రైలు కింద పోయింది. నా బిడ్డ గా పట్టాలే దాటి నాచారం ఫ్యాక్టరీకి పోతది. జర గాడ ఒక బ్రిడ్జి అడుగున్రి" అంది.

అడగడానికి ఒక పద్ధతి ఉంది. సభ్యుడు ముందుగా ప్రశ్న రాసివ్వాలి. వచ్చిన వందల ప్రశ్నల్లోంచి చీటీలు తీసి, కొన్నింటినే నోటి జవాబుకు ఎంచుతారు. స్పీకర్ పేరు పిలవగానే సభ్యుడు లేచి ప్రశ్న నంబరు చెప్పాలి, అంతే. మంత్రి జవాబిచ్చాక అనుబంధ ప్రశ్నలు వేయొచ్చు. మంత్రి ఇరుక్కునేదీ, ఏదో ఒకటి ఒప్పుకునేదీ వాటి దగ్గరే. నాలుగుసార్లు రాసిస్తే ఒకసారి నా చీటీ వచ్చింది. రెండు అనుబంధ ప్రశ్నలూ క్వార్టరు గోడకు అప్పజెప్పి మరీ వెళ్లాను. గోడ శ్రద్ధగా విన్నది.

స్పీకర్ నా పేరు పిలిచారు. లేచాను. ఎవరో ఎవరినో కేకలేస్తున్నారు, వెనకాల ఇద్దరు నవ్వుకుంటున్నారు. క్లాసు గోల చేస్తుంటే నేను మాట్లాడను, పంతొమ్మిదేళ్ల అలవాటు. చేతులు కట్టుకుని, వెనక బెంచీల వైపు చూస్తూ నిలబడ్డాను. ఉప్పల్‌లో దీనికి అర నిమిషం చాలు. ఇక్కడ స్పీకర్ మరోసారి పిలిచి, నాకు అడిగే ఉద్దేశం లేదనుకుని తర్వాతి సభ్యుణ్ని పిలిచారు. నా ప్రశ్నకు జవాబు కాగితం మీదే మిగిలింది: పరిశీలనలో ఉంది.

పక్క సీటు పెద్దాయన, నాలుగోసారి గెలిచినవాడు, నా వైపు వంగి, "మాస్టారూ, ఇక్కడ హాజరు తీసుకునేది మీరు కాదండీ" అన్నాడు.

ఆ వారం యాదమ్మకు జరిగింది జరిగినట్టు చెప్పాను.

"గంత దూరం పొయ్యి, నిలవడి వచ్చిన్రా సారూ?" అంది. "గా నిలవడుడేదో పట్టాల కాడ నిలవడితే, మా పిల్లను జర సూసుకుంటుంటిరి."

వంతెన ప్రశ్నకు మళ్లీ చీటీ రాలేదు. ఉత్తరాలు రాశాను, మర్యాదగా జవాబులు వచ్చాయి. యాదమ్మ రోజూ బిడ్డను పట్టాలు దాటించాకే బడికి వచ్చేది. నా పదవి ఉన్నన్నాళ్లూ ఉప్పల్ బడి గంట పది నిమిషాలు ఆలస్యంగా మోగింది.

పిల్లలు నా పాఠం కోసమే నోరు మూసుకునేవారని అంతవరకూ నమ్మాను. నిజానికి వాళ్లు చూసింది నా చేతిలోని మార్కుల వైపు. అవి లేనిచోట గోలలోనే మాట్లాడాలి. మిగిలిన కాలమంతా అలాగే మాట్లాడాను. నేనన్నదంతా సభ రికార్డులో ఉంది. విన్నవాళ్ల పేర్లు రాసే పద్ధతి అక్కడ లేదు.