నా చేతిలోని యాసిడ్

మిల్లు వెనక వంకలో నన్ను కొట్టిన నలుగురిలో ఒకడు మా బావ. సొంత మేనమామ కొడుకు. ఇనుప రాడ్డు అతని చేతిలోనే ఉంది.

అప్పటికి నాకు పీహెచ్‌డీ వచ్చి రెండేళ్లయింది. మాది గోనెగండ్ల దగ్గర ఒక పల్లె. అమ్మా నాన్నా పత్తిచేలల్లో కూలికి పోయేవాళ్లు. కెమికల్ ఇంజనీరింగ్‌లో డాక్టరేట్ చేతికొచ్చాక ఎమ్మిగనూరు దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో చేరాను. అక్కడే ఉండిపోవాలని లేదు. యూనివర్సిటీలో పోస్టు కావాలి. దానికి పరిశోధన పేపర్లు పడాలి, పేపర్లకు ప్రయోగాలు చేయాలి. మా ల్యాబులో పనిచేసే పరికరాలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అందుకే వాటితోనే చేయగలిగిన పని ఒకటి వెతుక్కున్నాను.

ఆదోనిలో పత్తిగింజల నూనె శుద్ధి చేసే మిల్లొకటి ఉంది. నూనె శుద్ధిలో మిగిలే సబ్బునీళ్లను అది వంకలోకి వదులుతుంది. ఆ నీళ్లలో నూనె ఎంత, దాన్ని తక్కువ ఖర్చుతో ఎట్లా విడదీయొచ్చు అన్నది నా పని. రెండు వారాలకోసారి వంక పొడుగునా ఆరు చోట్ల నీళ్లు పట్టేవాడిని. వంక బాగుపడాలని చేశానని ఇప్పుడు చెప్పుకోవచ్చు. కానీ అప్పుడు నా ధ్యాసంతా పేపరు మీదే.

బావ ఆ మిల్లులోనే బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఒక ఆదివారం చర్చి నుంచి బయటికొస్తుంటే నన్ను పక్కకు పిలిచాడు.

"సేటుకు తెలిసిపోయింది. నువ్వు నీళ్లు పట్టుకపోయి పొల్యూషన్ ఆఫీసర్లకు ఇస్తాండావని అనుకుంటాండాడు. ఇంక రావద్దు."

"నేనెవరికీ ఇవ్వను బావా. చదువు కోసం."

"నీ చదువు అయిపోయింది గదా. ఇంకా యేం చదువుతావు? మిల్లు మూస్తే మేమంతా యాడికి పోవాల?"

నేను నవ్వేసి ఊరుకున్నాను. ఆ నవ్వు అతనికి ఎంత కాలిందో నాకు తర్వాత గానీ అర్థం కాలేదు.

ఆ తర్వాతి వారం, పొద్దున పదింటికి, ఆరో చోట నీళ్లు పడుతున్నాను. అది సరిగ్గా మిల్లు గొట్టం కింద. నూనె కొలవాల్సిన నీళ్లలో, పట్టిన వెంటనే కొంచెం గంధకామ్లం కలపాలి, లేకుంటే కొలత తప్పుతుంది. ఆ యాసిడ్ సీసా మూత తీసి చేతిలో పట్టుకున్నాను. పైనుంచి నలుగురు దిగివచ్చారు. మొదటివాడు నా సంచిని కాలితో తన్నాడు. నిండిన ఐదు సీసాలూ బండల మీద పగిలిపోయాయి. రెండోవాడు చెంప మీద కొట్టాడు, మూడోవాడు కడుపులో తన్నాడు. మోకాళ్ల మీద పడ్డాను. నోట్లో రక్తం, ముక్కులో సబ్బు వాసన. తలెత్తితే బావ రాడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సెప్తే ఇనలేదు గదరా," అన్నాడు.

ఆ క్షణంలో నేను చేసింది ఏళ్లు గడిచినా నన్ను వదలలేదు. కుడిచేతిలో సీసా ఇంకా ఉంది, ల్యాబు అలవాటు కొద్దీ ఒలకకుండానే పట్టుకున్నాను. దాన్ని అతని ముఖం మీదికి ఎత్తాను. బెదిరించడానికి కాదు, పోయడానికే. అది పడితే చర్మం ఏమవుతుందో, కళ్లేమవుతాయో నాకంటే బాగా తెలిసినవాడు అక్కడ లేడు. తెలిసే ఎత్తాను.

రాడ్డు మోచేతి మీద పడింది. ఎముక విరిగిన చప్పుడు విన్నాను. సీసా తిరగబడి యాసిడ్ నా తొడ మీదే ఒలికింది. ప్యాంటు గుడ్డ పొగలు కక్కుతూ కరిగిపోయింది. నేను పెట్టిన కేకలకు ముగ్గురు పారిపోయారు. బావ మాత్రం పోలేదు. నన్ను చంకల కింద పట్టి మిల్లు కొళాయి దాకా ఈడ్చుకుపోయాడు. బకెట్ తర్వాత బకెట్ నా కాలి మీద గుమ్మరించాడు. "ఇంకా పోయాల్నా? ఇంకా పోయాల్నా?" అని అడుగుతూనే ఉన్నాడు. పోయమన్నాను. అంతకుమించి ఏ మందూ లేదని పాఠం చెప్పేవాడిని నేనే.

ఆదోని పెద్దాసుపత్రిలో కళ్లు తెరిచేసరికి చేతికి కట్టు, కాలికి కట్టు. ఎస్సై మంచం పక్కన కుర్చీ వేసుకున్నాడు. మా ప్రిన్సిపాల్ అప్పటికే విలేకరులకు చెప్పేశాడు, మా లెక్చరర్ మీద యాసిడ్ పోశారని.

"యాసిడ్ పోసినోళ్లు ఎవరెవరు సార్?" అని ఎస్సై అడిగాడు.

నేను కళ్లు మూసుకున్నాను. ఆ మౌనాన్ని ఆయన తనకు కావలసినట్టు రాసుకున్నాడు. మిల్లులో ఆరా తీశారు, సాయంత్రానికి నలుగురూ లాకప్‌లో ఉన్నారు. వాళ్లను బాగా కొడుతున్నారని వార్డులో అనుకుంటుంటే విన్నాను. నాకు సంతోషమే కలిగింది. మూడు రోజులు ఆ సంతోషంతోనే పడుకున్నాను.

నాలుగో రోజు అమ్మ వచ్చింది. స్టేషన్‌లో బావను చూసి వచ్చింది. అతని పెదవి చీలిపోయి, పాదాలు వాచి నిలబడలేకుండా ఉన్నాడట.

"రాడ్డుతో కొట్టినా అని ఒప్పుకుంటాండాడు. యాసిడ్ నేను పోయలేదు అత్తా, నీళ్లు పోసినా అంటాండాడు. నిజం సెప్పు నాయనా. వాడు పోసినాడా?"

"లేదు," అన్నాను. "నేనే వాని మీద పోయబోయినా."

అమ్మ నన్ను చెంప మీద కొట్టింది. వాచిన చెంప మీదే. చిన్నప్పుడు కూడా నా మీద చెయ్యెత్తిన మనిషి కాదు. తర్వాత మంచం కోడు పట్టుకుని కింద కూర్చుండిపోయింది.

ఎస్సైని పిలిపించి జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన పెన్ను పక్కన పెట్టాడు.

"ఇది రాస్తే నీ మీద గూడా కేసు పడతాది సార్. ఉద్యోగానికి పోయేటోనివి. ఆలోచించుకో."

"రాయండి," అన్నాను. కుడిచెయ్యి కట్టులో ఉంది గనక ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాను.

యాసిడ్ కేసు పోయి కొట్లాట కేసు మిగిలింది. నా పేరూ అందులో చేరింది. ఏడాది తిరిగాక కోర్టులో రెండు పక్కలా రాజీ అయ్యాం. కాలేజీవాళ్లు అన్ని రోజులు ఆగలేదు. అనుమతి లేకుండా ల్యాబు యాసిడ్ బయటికి తీసుకుపోయానని నోటీసు ఇచ్చారు. అది నిజమే కాబట్టి రాజీనామా రాసిచ్చాను.

ఇంట్లో కూర్చుని పేపరు రాశాను. కొలతల పట్టికలో పగిలిన సీసాల రోజు తాలూకు గళ్లు ఖాళీగా ఉన్నాయి. మిగతా రోజుల సగటు వేసి నింపేయమని తోటి పరిశోధకుడు ఒకాయన సలహా ఇచ్చాడు. చాలామంది చేసే పనే అన్నాడు. నాకు చెయ్యి రాలేదు. ఖాళీగానే పంపాను. రెండు పత్రికలు తిప్పి పంపాయి, మూడోది వేసుకుంది. మొదటి ఇంటర్వ్యూలో ఆ ఖాళీ గళ్ల గురించే అడిగారు. యాసిడ్ ఎత్తిన మాటతో సహా చెప్పాను. బోర్డులో ఒకాయన కాగితాలు మూసేశాడు. ఆ పోస్టు రాలేదు. మరుసటి ఏడు ఇంకో యూనివర్సిటీలో వచ్చింది. అక్కడ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు.

ఉద్యోగంలో చేరిన ఆరు నెలలకు మేనమామ చనిపోయాడు. సమాధి తోటలో బావా నేనూ పక్కపక్కనే నిలబడ్డాం. మిల్లు అతన్ని ఎప్పుడో తీసేసింది. నందవరంలో ఆటో తోలుకుంటున్నాడు. మట్టి వేయడం అయిపోయి జనం కదులుతుంటే నా వైపు తిరిగాడు.

"ఎస్సై సెప్పినాడు, నువ్వు యాసిడ్ ఎత్తినావని. మా నలుగురిలో ఎవురి మీద పోయాలనుకుంటివి?"

"నీ మీదే."

"యాడ?"

"మొహమ్మీద."

చేతికంటిన మట్టిని లుంగీకి తుడుచుకున్నాడు.

"అది సెప్పకుండా ఉంటే బాగుండు," అని తన భార్యాబిడ్డల వైపు నడిచి వెళ్లిపోయాడు.