జడ్జిగారి మేడ

మా మేనమామకు జీవితంలో చేతనైన పని ఒక్కటే, ముత్తాతను గొప్పవాణ్ణి చేయడం. ఆ ముత్తాత సబ్బులు కాచి అమ్మినవాడు. సందు చివర ఇరుకు స్థలంలో మూడంతస్తుల మేడ కట్టి, కింద సబ్బు కాచి, మధ్యలో కాపురముండి, పై అంతస్తులో సబ్బు ముక్కలు ఆరబెట్టుకున్నాడు. గాలి ఆడాలని పైన కిటికీలు పొట్టిగా, దగ్గర దగ్గరగా పెట్టించాడు. ఇందులో సిగ్గుపడాల్సిందేముందో నాకిప్పటికీ అర్థం కాదు. మామయ్యకు మాత్రం తల కొట్టేసినట్టుండేది.

అందుకని సబ్బులాయన్ను జడ్జిగారిని చేశాడు. తపాలా ఆఫీసులో ముప్పై ఏళ్లు ముద్రలు కొట్టి, ఒక్క ప్రమోషనూ ఎరగని మనిషి జడ్జిగారి మునిమనవడిగా మాత్రం ఇట్టే ఎదిగిపోయాడు. ఎక్కడో పాత కుర్చీ కొనుక్కొచ్చి వీధిగదిలో వేశాడు. అది జడ్జిగారు కూర్చున్న కుర్చీయట. దారినపోయేవాళ్లను పిలిచి మరీ కోతలు కోసేవాడు.

పై అంతస్తులో మా అమ్మ ఉండేది. నాన్న పోయాక నన్ను చంకనేసుకుని పుట్టింటికొస్తే, తాతయ్య ఆ అంతస్తు చూపించి బతికినన్నాళ్లూ అక్కడే ఉండమన్నాడు. అది నోటిమాటే, కాగితాల్లో ఇల్లంతా మామయ్యదే. ఆ పొట్టి కిటికీల దగ్గర పొద్దుగూకే దాకా వెలుతురుండేది. అక్కడ మిషను వేసుకుని అమ్మ కుట్టిన బట్టలతోనే నా చదువు గట్టెక్కింది.

ఆ కోతలు చెవిన పడి పాత కట్టడాలు కాపాడే శాఖ అధికారి మేడ చూడ్డానికి వచ్చిన రోజు అమ్మ కుట్టినవి ఇచ్చిరావడానికి వెళ్లింది. జడ్జిగారి మేడకు ఈ గూళ్లలాంటి కిటికీలేమిటని ఆయన అడిగాడట. మామయ్య తడుముకోలేదు. అసలు మేడ రెండంతస్తులేనని, పైది తర్వాత అద్దెకొచ్చినవాళ్లు వేసుకున్నారని చెప్పి, సంతకం కూడా గిలికాడు. నెల తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. మేడను అసలు రూపానికి తేవడానికి పై అంతస్తు తీసేస్తారు, అభ్యంతరముంటే యజమాని నెలలోపు చెప్పుకోవాలి.

అమ్మ కిందికెళ్లి అడిగింది. "ఒక్కసారి ఆఫీసుకెళ్లి నిజం చెప్పు అన్నయ్యా. నా నీడ పోతుంది."

"ఇప్పుడు మాట మారిస్తే జడ్జిగారి సంగతి కూడా తవ్వుతారే. నా పరువేం కావాలి?" అన్నాడు మామయ్య.

లేని జడ్జి పరువు కోసం ఉన్న చెల్లెల్ని వీధిన పడేసే మనిషి అతడు. నేను ఆఫీసుకెళ్తే యజమాని చెబితేనే వింటామన్నారు. ఇక మామయ్య కాళ్లు పట్టుకోవడమే మిగిలింది. అమ్మ ఆ పనీ చేసింది. నాకు అమ్మ మీద కూడా ఒళ్లు మండింది. గడువు దాటిపోయింది.

కూల్చే రోజు మేస్త్రీ పై గోడలో నాలుగు ఇటుకలు విప్పి, ఆగిపోయాడు. ఇది తర్వాత వేసిన గోడలా లేదని, కింది గోడతో కలిపి ఒకేసారి లేపిందని అధికారితో చెప్పాడు. అధికారి అనుమానంగా చుట్టూ చూశాడు. మిషను తల ఒళ్లో పట్టుకుని మెట్ల మీద అమ్మ కనిపించింది. ఈ ఇంటి సంగతులు తెలుసా, మీరెవరని ఆమెను అడిగాడు.

మామయ్య అడ్డుపడ్డాడు. "పైన అద్దెకున్నావిడండీ. ఆవిడకేం తెలుసు."

అమ్మ మామయ్య మొహంలోకి చూసింది. నిజం చెప్పేస్తుందనుకున్నాను.

"అవునండీ, అద్దెకున్నదాన్నే," అంది. "ఈయన నాకేమీ కారు."