టీవీ అక్క పెట్టిన తెలుపు

మొన్న సోమవారం పొద్దున నా ఫోటో స్టూడియో షట్టర్ ఎత్తుతుండగా బోధన్ నుంచి ఫోను వచ్చింది. "టీవీ అక్క పోయిందన్నా. నిద్రలనే" అన్నాడు ఆమె తమ్ముడు. షట్టర్ సగంలో వదిలి మెట్టు మీద కూర్చుండిపోయాను. కాసేపటికి ఆమె మాటలు గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఆమెను ఎరిగినవాళ్లెవరూ ఆ నవ్వును తప్పుపట్టరు.

బోధన్‌లో ఇంటి ముందు గదే ఆమె రిపేరు షాపు. పని భర్త దగ్గర నేర్చుకుంది. ఆయన పోయాక కూడా బోర్డు దించలేదు. కొత్తవాళ్లు గుమ్మంలో నిలబడి "మొగోళ్లెవరు లేరా?" అంటే, "ఏం, మీ టీవీ మొగోళ్లనే అడిగిందా?" అనేది.

రెండేళ్ల కిందట నాకొక పిచ్చి పట్టింది. చిన్నప్పుడు నిజామాబాద్‌లో నిలబడి ఆడిన వీడియో గేముల పెట్టెలాంటిది ఇంట్లో కట్టుకోవాలని. దానికి పాత పిక్చర్ ట్యూబు మానిటరే కావాలి, కొత్త టీవీలో ఆ కళ రాదు. బోధన్‌లో మూతపడిన ఒక ఇంటర్నెట్ సెంటర్‌లో ఆరు ఉన్నాయని తెలిసి అక్కను వెంటబెట్టుకెళ్లాను.

నేను అన్నిటికన్నా మెరిసేదాన్ని ఎత్తబోయాను. "ఆగు తమ్మీ. పెండ్లి సూపులకొచ్చినవా?" అంటూ దాన్ని ఎండకు తిప్పింది. ఏటవాలుగా చూస్తే, ఏళ్లపాటు కదలకుండా నిలిచిన అక్షరాల మరక అద్దం మీద కనిపించింది. మిగతా ఐదూ వెలిగించి చాయ్ తెప్పించింది. "సల్లగున్నప్పుడు అన్ని మంచిగనే ఉంటయ్. అర్ధగంట కాలినంక సూడాలె." చాయ్ అయిపోయేలోగా ఒకదాని బొమ్మ ముడుచుకుంది, రెండు మసకబారాయి, ఇంకొకటి కీచుమని ఆరిపోయింది. మిగిలింది మూల పగిలిన ముసలి డబ్బా. దాన్నే తీసుకున్నాం.

షాపులో వెనక మూత విప్పి, స్క్రీన్ ఎదురుగా అద్దం నిలబెట్టి, అందులో బొమ్మ చూస్తూ స్క్రూలు తిప్పింది. ఎడమ చెయ్యి మాత్రం నడుము వెనకే ఉంచుకుంది. "రెండు చేతులు వెడితే కరెంటు గుండెలకెల్లి పోతది" అంది. చివరికి మురిసిపోతూ, "తెలుపు సూడు, పాల లెక్కుంది!" అంది. రోజూ ఫోటోల రంగులు దిద్దే నాకు అది నీలిమందు ఎక్కువైన చొక్కాలా ఉంది. అయినా "అవునక్కా" అన్నాను.

మూడు నెలలు అలాగే ఆడాం. ఒకరోజు మా ఆవిడ, "ఈ ఆటల అందరు సలికి నీలంబడ్డరేంది?" అనేసరికి నాకు అక్క చూపు మీద అనుమానం వచ్చింది. బోధన్ వెళ్లి, కొత్తగా సున్నం వేసిన ఎదురింటి గోడ ఏం రంగని అక్కను అడిగాను.

"పసుపు" అంది.

ఆమె కళ్లకు పొర వచ్చిందని, తెలుపు పసుపుగా కనిపించబట్టే నీలం ఎక్కువ పెడుతోందని చెప్పడానికి నోరు రాలేదు. చూపు పోతే ఆ షాపే లేదు. చివరికి అదీ, మొదటి రోజే నాకు నీలం కనిపించిందనీ ఎలాగో చెప్పాను. స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టి ఎదురింటి గోడను మళ్లీ చూసింది.

"మరి గప్పుడే ఎందుకు సెప్పలే?"

"నీకు సెప్పేటంత మొనగాన్నా అక్కా?"

"గదే తప్పు. కనిపించింది సెప్పాలె. ఎదుట ఎవలున్నా సెప్పాలె."

ఆ మాట నేను ఇప్పటికీ దాటను.

నిజామాబాద్‌లో ఆపరేషన్ అయింది. కోలుకున్నాక పాత గిరాకీలందరికీ ఫోన్లు చేసింది. "మీ టీవీల నీలం ఎక్కువ వెట్టిన, పట్టుకరండ్రి, సరిజేస్త!" తర్వాత మా ఇంటికి వచ్చి, పెట్టె వెలిగించగానే "అయ్యో, గింత నీలమా!" అని కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. పావుగంటలో తెలుపు తెల్లగా మారింది.

"ఇగ నువ్వాడక్కా" అన్నాను. ఇన్నేళ్లూ బాగుచేయడమే తప్ప ఆడలేదట. మొదటిసారి క్షణంలో ఓడిపోయింది. రెండోసారి చెప్పులు విడిచి, కొంగు బిగించి నిలబడింది. బోధన్ బస్సుకు వేళయిందని మా ఆవిడ రెండుసార్లు గుర్తుచేసింది.

"పోతే పోనీ, ఇంకోటొస్తది" అంది అక్క, తెర మీది నుంచి చూపు తిప్పకుండా, రెండు చేతులతో మీటలు గట్టిగా పట్టుకొని.