మూత తీసి పెట్టిన బొట్టు

వెలుతురు సైతం నడిచి నడిచి అలసిపోతుందని నేను తెలుసుకున్న రోజులవి. ఆశలు అంతకంటె ముందే అలసిపోతాయని మాత్రం ఎవరూ చెప్పలేదు. తొంభైల నడుమ మద్దిలపాలెం సమీపాన ఒక ప్రయోగశాలలో పరిశోధక విద్యార్థిగా ఉండేవాణ్ణి. గాజుతీగలో దూరం పోయేకొద్దీ కృశించే కాంతికి, ఎర్బియమనే లోహం కలిపిన మరొక తీగలో లేజరు శక్తినిచ్చి బలం చేకూర్చే యాంప్లిఫయరు మాది. బలంతోపాటు, సంకేతాన్ని చెరిపే రొదా పెరిగేది. రొదను అణచి బలం పెంచడం నా పని. రెండేళ్లుగా అది నా వల్ల కాలేదు. సోమవారం పరీక్షకుల ఎదుట నిరూపించకపోతే నా సీటు రద్దని గురువుగారు తేల్చేశారు. తీగ పొడవు తగ్గించి, రెండు కొసలనుంచీ లేజరు పంపగా, శుక్రవారానికి యంత్రం దారికి వచ్చింది. ఆ సాయంత్రమే ప్రయోగశాలలో ఆయుధపూజ.

మీటర్లకు పసుపుకుంకుమలద్ది, నా యాంప్లిఫయరు వద్ద ఆగాను. తీగ కొసన కనెక్టరు, దాని నడుమ వెలుతురు దాటే గాజుముఖం, పైన ఒక చిన్న మూత. మా టెక్నీషియను మల్కాపురంవాడు (చుట్టరికమేమీ లేకున్నా నన్ను బావా అనేవాడు). "మూత మీదెట్టేయ్ బావా, సాల్లే" అన్నాడు. "ముఖానికి పెట్టవలసిన బొట్టు ముసుగుకు పెడతామటయ్యా?" అని మందలించి, మూత తీసి, ఆ గాజుముఖాన కుంకుమ దిద్ది, శ్లోకం చదివి (స్వరం తప్పలేదు, అదొక్కటే తృప్తి) తిరిగి బిగించాను. సోమవారం మూత తీశాక ఆ బొట్టును తుడవడం అపచారమనిపించి, కాస్త ఊది యంత్రానికి తగిలించాను.

లేజరు వెలిగించగానే మీటరు ముల్లు ఒక్కసారి లేచి, చప్పున పడిపోయి, మరి కదలలేదు. "బలమిచ్చే యంత్రమన్నారు, ఉన్నదీ మింగేస్తోందే?" అన్నారు పెద్ద పరీక్షకులు.

వారు వెళ్లాక టెక్నీషియను కనెక్టరును సూక్ష్మదర్శిని కింద పెట్టాడు. "ఏటి బావా, దీని మొకం మాడిపోనాది! కుంకం కాలి అద్దానికంటుకుపోనాది. నాను సెప్పినాను కాదేటి? పెళ్లికూతురికెట్టినట్టు ఎట్టినావు!"

కొస కోసి, కొత్త కనెక్టరు వేసి, నునుపు చేసి చూస్తే, రెండేళ్లలో ఏనాడూ ఎరుగని బలం, ఎన్నడూ లేనంత తక్కువ రొద. చూడవలసినవారు అప్పటికే రైలెక్కేశారు. గురువుగారు మాత్రం వచ్చి, చాలాసేపు చూసి, "యంత్రం బాగుంది నాయనా, సీటే లేదు" అన్నారు.

ఇప్పటికీ దసరాకు మా ఇంటి ఇంటర్నెట్ పెట్టెకు బొట్టు పెడతాను. పైనున్న ప్లాస్టిక్ డొప్ప మీదనే, అదీ తీగకు జానెడు దూరాన. ఆ శుక్రవారంనాటి కుర్రవాణ్ణి తలచుకుంటే నవ్వొస్తుంది. యంత్రానికి ముఖమున్నదని అంత గట్టిగా నమ్మడం, ఆ తరువాత నాకెన్నడూ చేతకాలేదు.