పొద్దున మూత తీసిన బీరు

మా మామకు కల్లు గురించి తెలిసినంత ఈ లోకంలో ఇంకేదీ తెలియదు. ఈతకల్లు పొద్దున దించితే తియ్యగా ఉంటుందని, సాయంత్రానికి పులిసి పదునెక్కుతుందని నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి వింటూనే ఉన్నాను. కల్లుతో ఆగితే బాగుండేది. గిద్దలూరు స్టేషన్‌లో రైలు గార్డుగా చేసి మానుకున్న ఆయన స్నేహితుడు మా అరుగెక్కాక బీరు, వైను కూడా చర్చలోకి వచ్చాయి. బీరు చేదు గనక మగవాడిదని ఒకరు, వైను ఎర్రగా ఉంటుంది గనక నెత్తురు పడుతుందని ఇంకొకరు. రైల్లో దొరలెక్కే పెట్టెలో గార్డు ఖాళీ సీసాలు వాసన చూశాడేమో, మామ అదీ చూడలేదు. అయినా ఏది మేలో రోజూ తేల్చేవారు, మర్నాడు మళ్లీ మొదలుపెట్టేవారు. మధ్యలో మజ్జిగ అందించే చాకిరీ నాది.

ఆ ఏడు వానల్లేక జొన్న మాడిపోయింది. నల్లమలలో వెదురు కొట్టే కంట్రాక్టు దొరికితేనే మా ఆయన ఇంటిపట్టున ఉంటాడు, లేకపోతే గుంటూరు దిక్కుకు కూలికి పోవాలి. కంట్రాక్టు ఇచ్చే ఫారెస్టు దొర బంగళాలో దిగుతున్నాడని తెలిసి, ఆయనకు తాగించి మంచి చేసుకుందామని మామ గార్డు చేత బీరు సీసాలు తెప్పించాడు.

ఆ పొద్దున నా చేత కుండ కడిగించాడు. సీసాల మూతలన్నీ తీసి, బీరు కుండలో పోసి, పైన గుడ్డ కట్టాడు. సాయంత్రానికి పదునెక్కుతుందట. పక్కన గార్డు తల ఊపాడు. నాకు ఒళ్లు మండింది.

"గోలీసోడా కొట్టి సాయంత్రం దాకా పెడితే ఏమైతాది మామా? ఇదీ అట్లనే బుస్సుమనె గదా" అన్నాను.

"తాగుడు సంగతి నాకు చెప్తావా? పోయి పొయ్యి చూసుకో" అన్నాడు.

కుండ మోసుకుపోయింది మా ఆయనే. దొర ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టి, నీళ్లు తెప్పించుకుని పుక్కిలించాడట. కంట్రాక్టు మార్కాపురం వర్తకుడికి పోయింది.

"ఆ దొరకు తాగడం రాదు" అన్నాడు మామ. వైనైతే కుదిరేదన్నాడు గార్డు. సిగ్గన్నది ఏ కోశానా లేదు ఇద్దరికీ.

మా ఆయన సద్దిమూట పట్టుకుని కూలికి బయలుదేరిన పొద్దున కూడా అరుగు మీద ఆ వాదనే నడుస్తోంది. మెట్లు దిగడానికి వాళ్లను కాస్త కాళ్లు తీయమని అడగాల్సి వచ్చింది ఆయన.