రబ్బరు గుర్రాల పత్రిక

తండ్రికి చూపు మందగించాక అచ్చాఫీసు బరువు అక్క నెత్తిన పడింది. పెళ్ళి కార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఏ పని వచ్చినా కాదనేది కాదు. చదరంగం పొడ మాత్రం ఆమెకు గిట్టేది కాదు. కారణం తమ్ముడు. అన్నం ముందు కూర్చుని కూడా కంచంలో వేలితో గళ్ళు గీసే రకం అతను.

"అక్కా, చదరంగానికి ఒక పత్రిక పెడదామే," అన్నాడు ఒకరోజు మిషను పక్కన నిలబడి.

"ఎవరు చదువుతార్రా?"

"నేను చదువుతాను."

"నీ ఒక్కడికోసం అచ్చు వెయ్యడం ఎందుకు? అద్దం ముందు నిలబడి చెప్పుకో."

అయినా తమ్ముడు చెవిలో జోరీగలా వదల్లేదు. చివరికి, మిషను ఖాళీగా ఉన్నప్పుడు మాత్రమే అన్న షరతు మీద ఆమె సరేనంది.

తీరా మొదలుపెడితే, ఆఫీసులో అచ్చు అక్షరాలున్నాయి, పూలతీగెల అచ్చులున్నాయి గానీ ఏనుగులూ గుర్రాలూ లేవు. వీధి చివర రబ్బరు స్టాంపులు చేసే ఆయన పావులు చెక్కి తెచ్చాడు. గుర్రం అచ్చం కుక్కలా ఉంది. చెవులు కాస్త పొడుగు చెయ్యమంటే గాడిదైంది. కుక్కే నయమనుకున్నారు.

ఖాళీ గళ్ళ బల్ల అచ్చువేసి, ఇంటిల్లిపాదీ కూర్చుని పావులు చేత్తో ముద్రించేవారు. బంట్లు అమ్మవి. రాజుల్ని మాత్రం నాన్న ఎవరికీ ఇవ్వనన్నాడు.

రెండో సంచిక బయటికెళ్ళిన వారానికి నీళ్ళ ఆఫీసులో పనిచేసే ఇద్దరు గుమాస్తాలు ఎడమొహం పెడమొహంగా వచ్చారు. ఆ సంచికలో వేసిన చిక్కుప్రశ్న ఒకటే: తెల్లపావులు రెండెత్తుల్లో ఆట కట్టించాలి.

"నేను కట్టించాను," అన్నాడు పొట్టాయన.

"కోతలు. అది బ్రహ్మ వల్ల కూడా కాదు," అన్నాడు పొడుగాయన.

అక్క ఇద్దరి పత్రికలూ తీసుకుని పక్కపక్కన పరిచింది. ఒకదానిలో నల్లరాజు మూలగడిలో ఉన్నాడు. రెండోదానిలో ఒక గడి ఇవతల ఉన్నాడు. నాన్న మధ్యలో టీ తాగి వచ్చాక చెయ్యి పక్కకు జరిగినట్టుంది.

"నడవడం రాజుకి అలవాటేగా," అన్నాడు నాన్న మెల్లగా.

పొడుగాయన ముందు నవ్వాడు. పొట్టాయన ఆపుకోలేకపోయాడు. వాళ్ళు వెళ్ళిపోతారనుకుంటే, తప్పు గడిలో ఉన్న రాజుని మూడెత్తుల్లోనైనా పట్టగలమా అని కాగితాల కట్టల మీదే కూర్చుండిపోయారు. మర్నాడు మరో నలుగురు వచ్చారు. వాళ్ళకోసం అక్కకి బెంచీ వెయ్యక తప్పలేదు.

తరవాతి సంచికలో సవరణ తనే రాసింది: "మా నల్లరాజు కిందటిసారి దారి తప్పాడు. కొందరి ఇళ్ళకి సరిగ్గానే చేరాడట. తప్పిపోయి మీ ఇంటికొచ్చి ఉంటే దయచేసి మూలకి పంపండి."

జనానికి అది ఎంత నచ్చిందంటే, ఆ నాలుగు ముక్కలకోసమే పత్రిక కొనేవాళ్ళు తయారయ్యారు. ఇక ప్రతి సంచికలో రాజుగారి కబుర్లు రాయవలసి వచ్చింది. రాయాలంటే ఆట తెలియాలి కదా. తిట్టుకుంటూనే తమ్ముడి దగ్గర నేర్చుకుంది. కొన్నాళ్ళకి తిట్టడం మరిచిపోయింది.

పత్రిక పేజీలు పెరిగాయి. పక్కగది కలుపుకున్నారు. కొత్తగా నేర్చుకునేవాళ్ళకి పుస్తకాలు వేశారు. పెళ్ళి కార్డుల పని ఎప్పుడు మానేశారో ఎవరికీ గుర్తులేదు. కంప్యూటర్ వచ్చి తీర్చిదిద్దినట్టున్న గుర్రాలు అచ్చయ్యేసరికి పాఠకులు ఒప్పుకోలేదు. పాత కుక్కగుర్రాన్నే కంప్యూటర్లోకి ఎక్కించారు.

పత్రికకు పాతికేళ్ళు నిండిన పండగకి ఒక ఛాంపియన్ని పిలిచారు. ఆ అమ్మాయి ఒకేసారి ఇరవైమందితో ఆడాలి. తీరా మొదలయ్యే వేళకి ఒక కుర్చీ ఖాళీ. అక్క చీర కుచ్చిళ్ళు సర్దుకుని వెళ్ళి కూర్చుంది.

"నువ్వా అక్కా?" అన్నాడు తమ్ముడు.

"కుర్చీ ఖాళీగా ఉంటే ఫొటో బాగుండదురా."

ఓడిపోయింది. అయితే ఓడేలోపు ఆ అమ్మాయి ఒకసారి ఆమె బల్ల ముందు ఆగి, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని ఆలోచించింది. తమ్ముడు ఎంత వద్దన్నా వినకుండా, అక్క ఆ ఆటని మొదటి ఎత్తు నుంచి చివరి ఎత్తు దాకా పత్రిక మొదటి పేజీలో వేయించుకుంది.